చుక్కల పులి అడిగిన నీళ్లు

హిందూపురం పీర్ల చావిడిలో పెద్దమనుషులు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. దానికి నేను సగం జవాబు చెప్పి, చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. చెప్పిన సగం నిజమే. అందుకే నన్నెవరూ అబద్ధాలకోరు అనలేదు. ఆ మాట ఇంకొక మనిషి మీద పడింది. చెప్పని సగం ఇరవై ఏళ్లకు పైగా నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ఇది చదివి, పాపం ఈయన లోపల ఎంత కుమిలిపోయాడో అనుకోకండి. నేను కుమిలిపోలేదు. రెండు ప్రమోషన్లు తీసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, మొన్ననే ముందస్తు రిటైర్మెంటు పుచ్చుకుని పూలదండ కూడా వేయించుకున్నాను. నాకు కోపం వస్తున్నది అందుకే.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు అప్పటి పెట్రోలు బంకు ఎలా ఉండేదో తెలియదు. అరవైల మొదట్లో మా వైపు బంకంటే రోడ్డు పక్కన ఒక రేకుల గది, దాని ముందు మనిషికంటే ఎత్తుగా ఒక ఇనుప పంపు. పంపు నెత్తిన రెండు గాజు సీసాలు, ఒక్కొక్కటి ఐదు లీటర్లది. పక్కనున్న పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే నేలలోని ట్యాంకు నుంచి పెట్రోలు సీసాలోకి ఎక్కేది. ఒకటి నిండగానే దాన్ని బండిలోకి వదిలి, రెండోది నింపేవాళ్లు. బస్సు కోసం నిలబడ్డ జనం ఆ సీసాలు నిండడాన్ని తోలుబొమ్మలాట చూసినట్టు చూసేవాళ్లు.

ఎవరు అమ్మినా పెట్రోలు పెట్రోలే. చూపుకూ వాసనకూ తేడా ఉండదు. కాబట్టి కంపెనీలు జంతువుల్ని పట్టుకున్నాయి. చదువురాని లారీ డ్రైవరుకు కంపెనీ పేరు నోరు తిరగకపోయినా బొమ్మ గుర్తుంటుంది కదా. మా బోర్డు మీద ఉన్నది చిరుతపులి. పసుపు ఒళ్లు, నల్లచుక్కలు, గాల్లోకి ఎగిరిన కాళ్లు. డ్రైవర్లు మా బంకుల్ని 'చిరత బంకు' అనేవాళ్లు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మధ్యలో చిన్నా చితకా ఊళ్లు నా కింద ఉండేవి. కొత్తగా ఇన్‌స్పెక్టరునయ్యాను, ఇంకా పర్మనెంటు కాలేదు. బస్సుల్లో తిరుగుతూ పంపులు చూడాలి, సీసాలు తుడిపించాలి, ట్యాంకులో కర్ర దించి కొలవాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా చిరుతను చూసుకోవాలి. ఎండకు దాని మీసం వెలిసిపోతే నేను మద్రాసుకు రాయాలి. ఒకసారి పెనుకొండలో ఎవరో భక్తిగా దానికి కుంకుమబొట్టు పెట్టారు. బొట్టు తుడిపించి, తుడిపించినట్టు రాసి పంపమని మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. జంతువు మీద అంత శ్రద్ధ ఉండేది ఆ కంపెనీకి.

ఆ ఏడాది ధర్మవరంలో కరెంటు పంపుతో కొత్త బంకు తెరుస్తున్నారు. బోర్డు మీది చిరుతను రోడ్డు మీదికి దించాలి, జనం చెప్పుకోవాలి అని మా మేనేజరు ఉత్తరం రాశాడు. ఎలా దించాలో రాయలేదు. దించే ఉపాయం కంపెనీది కాదు, నాది. ఇది గుర్తుంచుకోండి.

హిందూపురం బెల్లం మండీలో ఒక హమాలీ ఉండేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. బెల్లం మూటల కింద మెడ వంగింది కానీ ఒళ్లు ఉక్కులా ఉండేది. పీర్ల పండక్కి ఊళ్లో పదిమంది దాకా పులివేషం కట్టేవాళ్లు. పీర్లు చావిడి నుంచి లేచినప్పుడు ముందు ఆడే మొదటి పులి మాత్రం ఈయన ఇంటిది. ఎప్పుడో వాళ్ల అవ్వ మొక్కుకున్న మొక్కు. వాళ్లు హిందువులు. మా వైపు ఇందులో వింతేమీ లేదు.

నేను వాళ్లింటికి పోయి సంగతి చెప్పగానే ఆయన నవ్వాడు.

"ఏమి సార్, అది నాటకమనుకుంటిరా? మొక్కు సార్ అది. పీరు పేరుతో తప్ప పులి కట్టేది లేదు మా ఇంట్లో."

ఆ ఇంటికి ఇంకో కట్టుబాటు ఉంది. రంగు ఒంటిని తాకినప్పటి నుంచి దాన్ని కడిగేదాకా చుక్క నీళ్లు ముట్టరు. తెల్లవారి పూసుకుని, పొద్దు తిరిగేలోగా కడిగేసుకోవాలి. కడిగాకే నీళ్లు.

నేను చదువుకున్నవాణ్ని కదా, ఒక సందు వెతికాను.

"నీ పులికి చారలు. మాది చిరుత. చుక్కలుంటాయి. నీ మొక్కుకూ దీనికీ సంబంధమే లేదప్పా."

ఆయన ఆలోచనలో పడ్డాడు. గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది.

"చుక్కలైతే ఏమి, చారలైతే ఏమి సార్? పూసుకునే ఒళ్లు ఒగటే కదా."

ఆ రోజు ఆ ఇంట్లో తెలివైన మాట అదొక్కటే. నేను దాన్ని దాటవేసి అసలు ఎర బయటికి తీశాను. హిందూపురం బంకులో కూడా త్వరలో కొత్త పంపు పెడతారు, ఖాకీ చొక్కా, నెల జీతం, నీడపట్టున పని, అది నీకు ఇప్పిస్తాను అన్నాను. ఆయన చేయి దానంతటదే మెడ మీదికి పోయింది. రోజూ మూట పడే చోటది.

"ముజావరయ్యను అడిగొస్తా," అని లేచాడు.

చావిడి చూసుకునే ముజావరు పెద్దవాడు, నెమ్మదస్తుడు. నేను కూడా వెంట వెళ్లాను. అంతా విని ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"చుక్కల పులంటే మాది కాదులే. ఆడుకోనీ. కానీ పొద్దు తిరిగేలోగా కడిగేయల్ల. రంగు పులికి తెలీదు, ఒంటికి తెలుస్తాది. అది తప్పితే మాత్రం ఈసారి మొదటి పులి ఆ ఇంటికి ఉండదు. విన్యారా సార్?"

"విన్నాను," అన్నాను. "పొద్దున హిందూపురంలో ఆడతాడు. పన్నెండు లోపల పెనుకొండ చేరతాం. అక్కడ మా బంకులో నీళ్లతొట్టి ఉంది. నేనే దగ్గరుండి కడిగిస్తాను. ధర్మవరం ఆట మరుసటి రోజు, కొత్తగా రంగు పూసి."

ఆ మాట ఇచ్చింది నేను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

ఆటకు ముందు రోజు మేనేజరు దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి. మన హమాలీ తన రంగు తయారుచేసి చేతికి పూసి చూపించాడు. పసుపురంగు పొడి, నూనె, చారలకు దీపపు మసి. సీకాయ పెట్టి రుద్దితే పోయే రంగు. మేనేజరు జేబులోంచి ఒక అట్టముక్క తీసి ఆ చేతి పక్కన పెట్టాడు. అది కంపెనీ పసుపు నమూనా.

"ఇది మన పసుపు కాదు," అన్నాడు. "బోర్డుకు వేసేదే వేయించు." ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి మరో మాట చెప్పాడు. ధర్మవరంలో బంకు తెరిచే పెద్దమనిషికి మరునాడు వీలుకాదట. కాబట్టి అంతా రేపే. మధ్యాహ్నం మూడుకు చిరుత ధర్మవరంలో ఉండాలి. ఫోటోగ్రాఫరు వస్తున్నాడు.

నేను "సరే సార్" అన్నాను. మాట ఇచ్చాను సార్, పన్నెండుకు కడగాలి సార్ అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఏమయ్యేది? బహుశా తిట్టేవాడు. అంతకంటే ఏమీ అయ్యేది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఆ తిట్టు కొండంత కనబడింది. హమాలీకి కూడా చెప్పలేదు. పెనుకొండలో చూసుకుందాం అనుకున్నాను.

మరునాడు తెల్లవారగానే బంకు వెనకాల ఆయన గోచీ పెట్టుకుని నిలబడ్డాడు. బోర్డులు రాసే పెయింటరు డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఆయన వీపు వైపు చూసి ఆగిపోయాడు.

"సార్, ఇది ఎనామిల్. రేకుకు పూసేది. మనిషికి పూసేది కాదు."

"పూయవయ్యా, ఒక్క రోజుకే కదా."

"నా చేతుల్తో పూయను సార్. మీరేమన్నా అనుకోండి." కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి గోడవారన పోయి కూర్చున్నాడు.

కుంచె నేను తీసుకున్నాను. మెడ నుంచి మడమల దాకా, ముఖంతో సహా, నేనే పూశాను. చుక్కలు కూడా నేనే పెట్టాను. మధ్యలో ఆయన అడిగాడు.

"సార్, ఇది పోతుందా?"

"పోతుంది," అన్నాను.

నా చొక్కా మీద అదే పసుపు మరక మూడు నెలలుగా ఉంది. చాకలి సోడా పెట్టి ఉడకేసినా పోలేదు. పోతుంది అన్నప్పుడు నేను ఆ చొక్కానే వేసుకుని ఉన్నాను.

రంగు ఆరేకొద్దీ ఆయన భుజాలు కదిలించి చూసుకున్నాడు. "ఒళ్లు బిగుసుకపోతాంది సార్."

"ఆరితే సర్దుకుంటుంది."

తొమ్మిదికి లారీ కదిలింది. వెనక చిరుత బొమ్మ గీసిన ఖాళీ పీపాలు, వాటి ముందు ఆయన, ఇద్దరు తప్పెట వాయించేవాళ్లు. హిందూపురం బజారులో జనం విరగబడ్డారు.

"ఏమప్పా, పులికి అమ్మోరు పోసిందా ఏమి?" అని ఎవడో అరిచాడు. "మేనంతా చుక్కలే!"

"యాపాకు తెండిరా, యాపాకు!" ఇంకొకడు.

ఆయన నవ్వుతూ ఆ అరిచినవాడి మీదికే గంతేశాడు. వాడు సైకిలు వదిలి పరిగెత్తాడు. ఆ గంతుతో ఊరంతా మాదైపోయింది. ఇరవై నిమిషాలు ఆడాడు. ఎంత బాగా ఆడాడంటే, నేను మనసులో ప్రమోషన్ కాగితం చదువుకున్నాను.

సోమందేపల్లిలో ఒకసారి ఆడాడు. అప్పటికే ఎండ చిటచిటలాడుతోంది. తప్పెట వాయించేవాళ్ల ఒళ్లు చెమటతో తడిసి ముద్దయింది. ఆయన ఒంటి మీద ఒక్క చెమట బొట్టు లేదు. ఉండదు. చెమట బయటికి రావడానికి నేను ఒక్క రంధ్రం కూడా మిగల్చలేదు.

పెనుకొండ చేరేసరికి పన్నెండు కావడానికి కొంచెం ఉంది. ఆయన లారీ దిగి కొండ వైపు, ఆ పైన సూర్యుడి వైపు చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆట కూడా మొదలుపెట్టలేదు.

"సార్, పొద్దు నెత్తికొచ్చింది. కడిగేస్తా. నీళ్లతొట్టి యాడుండాది?"

"ఇంకొంచెం ఆగు. ధర్మవరంలో కడుగుదాం."

"దరమారమా?" ఆయనకు అర్థం కాలేదు. "అది రేపు కదా సార్? మీరు ఈడే అన్యారు. ముజావరయ్య ముందర అన్యారు."

"మారింది. పైనుంచి వచ్చింది. నేనేం చేయను?"

నేనేం చేయను. ఈ మాట అన్నప్పుడల్లా, మనం చేయగలిగింది ఏదో ఉందనీ, చేయదలుచుకోలేదనీ అర్థం. ఉద్యోగంలో ఉన్న పిల్లలు రాసిపెట్టుకోండి.

"అట్లయితే కడుక్కోనీండి సార్. మళ్లా పూసుకుంటా. దండం పెడతా."

మళ్లీ పూయడానికి టైము లేదు. అసలు ఇది కడిగితే పోయేది కాదని నాకొక్కడికే తెలుసు. పంపు దగ్గర పనిచేసే మనిషి ఒకాయన అంతా వింటున్నాడు. వయసు మళ్లినవాడు, పిడి ఊపి ఊపి కుడిచేయి ఎడమదానికి రెండింతలుండేది. ఆయన దగ్గరికొచ్చి అన్నాడు.

"సామీ, ఇది నీళ్లకు పోదు. కిరసనాయిలు డబ్బా ఉండాది. గుడ్డ పెట్టి నేను తుడుస్తా. ఆ మనిషి కండ్లు చూడండి, ఎట్లున్యాయో."

"నువ్వు పంపు చూసుకోవయ్యా," అన్నాను.

తర్వాత నేను చేసిన పని చెబుతాను. ఆ పనే నన్ను ఇరవై ఏళ్లు కాపాడింది. లోపలికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి హమాలీకి అందించాను. "ముందు తాగు" అన్నాను.

ఆయన చెంబు వైపు చూశాడు. నాలుక పెదాల మీదికి వచ్చి లోపలికి పోయింది.

"కడగనిది ఎట్ల తాగేది సార్? మూడోమాటు అడుగుతాండా. కడుక్కోనీండి. కడుక్కుంటే నేనే తాగుతా."

"తాగకపోతే నీ ఇష్టం. మూడు గంటలకు ధర్మవరంలో ఆడితే పంపు పని నీది. ఇక్కడ దిగిపోతే లేదు. ఆలోచించుకో."

ఆలోచించుకో అన్నాను. కాలుతున్న మనిషిని!

ఆయన మెడ మీదికి చేయి పోయింది. తర్వాత లారీ ఎక్కాడు. పంపు మనిషి నా చేతిలోని చెంబు తీసుకుని, నా కాళ్ల ముందు నీళ్లు పారబోసి, పంపు దగ్గరికి వెళ్లిపోయాడు.

ధర్మవరంలో కొత్త బంకుకు మామిడి తోరణాలు కట్టారు. మగ్గాలు వదిలి నేతగాళ్లు కుటుంబాలతో వచ్చారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని నిలబడ్డారు. తప్పెట మోగింది. ఆయన ఆడాడు. ఎలా ఆడాడో నాకు తెలియదు. రెండుసార్లు బోర్డు స్తంభం పట్టుకుని ఆగాడు. జనం అదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద నుంచి తల బయటపెట్టి, కాలెత్తమన్నాడు, బోర్డు మీద చిరుతలాగా. ఆయన కాలెత్తాడు. ఫోటో తీశారు. ఎత్తిన కాలు దించకుండానే పక్కకు పడిపోయాడు.

నేను పట్టుకున్నాను. ఒళ్లు పెనంలా ఉంది. మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే నాతో అన్నాడు.

"బోర్డు ముందు నుంచి తీయించు. జనం చూస్తున్నారు."

ఆసుపత్రిలో కిరసనాయిలు, దూది పెట్టి ఇద్దరు మనుషులు చీకటిపడే దాకా తుడిచారు. భుజాల మీదా వీపు మీదా రంగుతో పాటు తోలూ ఊడి వచ్చింది. డాక్టరు నా వైపు తిరిగాడు.

"తారు పూసినట్టు పూశారే! ఎవరయ్యా పూసింది?"

"వాళ్లు పూసుకుంటారండీ, పండగలకు," అన్నాను.

బయటివాళ్లకు చెప్పిన మొదటి అబద్ధం అది. సాఫీగా వచ్చింది.

ఆయన బతికాడు. మూడు వారాలు పట్టింది లేవడానికి. ఈలోగా మేనేజరు చెబుతుంటే నేను రిపోర్టు రాశాను. 'రంగు పూసుకున్నాక నీరు ముట్టని ఆచారం వల్ల, మా ఇన్‌స్పెక్టరు నీళ్లు ఇచ్చినా నిరాకరించి, వడదెబ్బకు గురైనాడు.' ఆచారం! ఎంత చక్కటి మాట దొరికింది మాకు. ఆ మనిషి అవ్వ మొక్కును తీసుకుపోయి కంపెనీ తప్పు మీద దుప్పటిలా కప్పాం. ఆ రిపోర్టు వెళ్లిన నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటయింది.

పీర్ల పండక్కి ముందు చావిడిలో పెద్దమనుషులు కూడారు. నన్ను పిలిపించారు. హమాలీ గోడకు ఆనుకోకుండా కూర్చున్నాడు, వీపు ఆనించలేడు కాబట్టి. పెయింటరు ఊళ్లో లేడు, ఏదో పనిమీద బళ్లారి పోయాడు. పెనుకొండ పంపు మనిషి మా కంపెనీ కిందివాడు, ఆయన్ను ఎవరూ పిలవలేదు. పెనుకొండలో కడగనీమని తాను అడిగాననీ, సారు కడగనీలేదనీ హమాలీ అప్పటికే చెప్పాడు. అదే నిజమైతే తప్పు ఆయనది కాదు, మొదటి పులి ఆయనకే ఉంటుంది. కాకపోతే, పని కోసం పొద్దు తిరిగినా రంగు ఉంచుకున్నాడనీ, పైగా చావిడిలో అబద్ధమాడాడనీ లెక్క. అది నామీద ఆధారపడింది. నాకది తెలుసు.

ముజావరు అడిగాడు. "పెనుకొండలో ఏం జరిగింది సార్? మీ నోటితో చెప్పండి."

"నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన తాగలేదు."

అందరూ ఆయన వైపు చూశారు. "ఇచ్చిన్యాడా అప్పా?"

"ఇచ్చిన్యాడు," అన్నాడాయన. ఆయనకు అబద్ధం రాదు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా అన్నాడు. "సార్, ఇంగా ఉండాది చెప్పేది."

"అంతే," అన్నాను.

ఇదే ఆ సగం. నేను చెప్పులేసుకుంటుంటే లోపల ముజావరు నిట్టూర్చడం వినిపించింది. ఆ ఏడు మొదటి పులి ఇంకో ఇంటికి పోయింది. మళ్లీ తిరిగి రాలేదు. వీధి చివర ఆయన భార్య నా కోసం కాచుకుని ఉంది.

"చుక్కలని చెప్పి కట్టిస్తివి. పోతాదని చెప్పి పూస్తివి. నీళ్లిచ్చినానని చెప్పి పోతాండావు. మాటలు ఎన్ని నేర్చినావు సార్! నీ నోట్లో ఒగ మాటన్నా పూర్తిగా వస్తాదా?"

నేను బస్సు ఎక్కాను. వెనక నుంచి ఎవరో పిల్లలు ఆ ఇంటి ముందు 'పెట్రోలు పులి, పెట్రోలు పులి' అని అరవడం వినబడింది. ఆ పేరు ఆయనకు నిలిచిపోయింది. పంపు పని రాలేదు. ఒంటి నిండా మచ్చలున్న మనిషిని పంపు దగ్గర పెడితే బండ్లవాళ్లు జంకుతారని మేనేజరు రాశాడు. తోలూడిన భుజం మీద బెల్లం మూట నిలవలేదు. ఆయన భార్య చింతపండు కొట్టి ఇల్లు నడిపింది.

ఫోటో మాత్రం కంపెనీ పత్రికలో అచ్చయింది. నలుపు తెలుపు. కంపెనీ పసుపు అందులో బూడిద రంగులో ఉంది. సీకాయతో పోయే ఆయన పసుపైనా అలాగే పడేది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా పళ్లు గిట్టకరుచుకుంటాయి. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది. చిరుతల మీద కొత్త గుర్తు వేశారు. ఏ ఊళ్లో బోర్డు మీదైనా ఒక్క పూటలో చిరుత కనబడకుండా పోయింది.

మొన్న నా వీడ్కోలు సభలో కుర్రాళ్లు నాకొక బహుమతి ఇచ్చారు. రంగుల కాగితం విప్పితే అద్దాల చట్రంలో ఆ ఫోటో. పాత పత్రిక నుంచి తీసి పెద్దది చేయించారట. "ఆ రోజుల్లోనే ప్రాణమున్న చిరుతను నిలబెట్టిన మనిషి!" అని ఒకాయన మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. నేను రెండు చేతులతో ఆ చట్రం పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. వారం తిరగకుండా ఫోటో సంచిలో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను.

ఆయన ఇంట్లోనే ఉన్నాడు. జుట్టు నెరిసింది. చొక్కా లేదు. మచ్చలు వయసుతో ముడతలు పడ్డాయి. నన్ను గుర్తుపట్టాడు. నేను ఏదేదో మాట్లాడి, ఏం చేయాలో తోచక ఫోటో తీసి ఇచ్చాను. దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎవురిది సార్?"

"నీదే."

"నాది కాదే. చుక్కలుండాయి కదా." ఫోటో నాకు తిరిగిచ్చాడు. "మాది చారల పులి. దీనికీ మాకూ సంబంధమే లేదంటిరి మీరే."

నేను తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపాడు.

"నాకెందుకు సార్ చెప్తారు? నేను ఆడే ఉంటిని కదా. నాకు తెలీనిదేముండాది? తెలీనోళ్లకు చెప్పండి. యాడ మూసుకున్యారో నోరు, ఆడ తెరవండి."

లోపల నుంచి ఆయన భార్య గొంతు. "ఇన్నేండ్లు పట్టిందా మిగిలిన సగం నోట్లోకి రానీకి?"

పీర్లు నిలబెట్టే ముందు చావిడిలో ఎప్పటిలాగే పెద్దమనుషులు కూడారు. పాత ముజావరు లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. ఆనాటివాళ్లు నలుగురైదుగురు మిగిలారు. హమాలీ వచ్చి అదే గోడ పక్కన, గోడకు ఆనుకోకుండానే కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను.

"అప్పుడు ఈడ మీ పెద్దలు నన్ను పెనుకొండలో ఏం జరిగిందని అడిగిరి. నీళ్లిచ్చినాను, తాగలేదని చెప్పినాను. నిజమే. కానీ అంతకుముందు ఈయన రంగు కడగనీమని అడిగినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. కడుక్కుంటే నీళ్లు తాగుతానన్నాడు. పొద్దు తిరిగేలోగా కడిగిస్తానని ముజావరయ్యకు మాటిచ్చింది నేను. కడగనీకుండా, ఆడకపోతే పని లేదని బెదిరించి లారీ ఎక్కించింది నేను. ఈయన ఈడ అబద్ధం ఆడలేదు. ఆడింది నేను. మొదటి పులి ఈయన ఇంటి నుంచి పోయింది ఈయన తప్పుతో కాదు."

ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కూర్చోబోయాను.

"సార్," అన్నాడాయన గోడ పక్క నుంచి, ఆ రోజులాగే గొంతు పెంచకుండా. "ఇంగా ఉండాది చెప్పేది."

అవును. ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. ఈసారి అంతే అనలేదు.

"ఉండాది. ఆ రంగు పూసింది నా చేతుల్తోనే. పోతుందా అని నువ్వు అడిగితే పోతుందని చెప్పినాను. పోదని నాకు తెలుసప్పా. అప్పుడే తెలుసు. తెలిసే పూసినాను. నన్ను క్షమించు."